బరువు దిగితే లేచే పర్వతాలు



అల్లాహ్‌ను స్తుతిస్తూ, ఆయన ప్రవక్త ముహమ్మద్ (సఅసం) పై దరూద్, సలామ్ పంపుతూ ఈ జుమా ప్రసంగాన్ని ఆరంభిస్తున్నాము.

పర్వతాలు ఏ విధంగా నిలపబడ్డాయో గమనించమని సూరహ్ అల్-గాషియహ్ మానవుణ్ణి ప్రేరేపిస్తున్నది. ఆ పిలుపును భూగర్భశాస్త్ర పాఠంగా మార్చే సాహసం మేము చేయము. కానీ చూడమని ప్రభువు చెప్పినప్పుడు కళ్ళు మూసుకొని కూర్చోవడం దాసుని లక్షణం కాదు. అందుకే ఈ రోజు మనలో ఎవరమూ చూడని ఒక పర్వతశ్రేణిని గురించి ఆలోచిద్దాము.

దక్షిణ ధ్రువ ఖండమైన అంటార్కిటికాను తూర్పు, పడమర భాగాలుగా వేరు చేస్తూ ట్రాన్స్‌అంటార్కిటిక్ పర్వతాలు సుమారు 3,500 కిలోమీటర్ల పొడవున ఉన్నాయి. వాటిలో కిర్క్‌పాట్రిక్ శిఖరం ఎత్తు 4,500 మీటర్లకు పైనే. హిమాలయాల వలె రెండు భూఖండాలు ఢీకొనగా లేచిన కొండలు కావివి. పడమటి వైపు భూమి పైపొర సాగి పలచబడగా, దాని పక్కనున్న తూర్పు అంచు పైకి లేచింది. సుమారు 5.5 కోట్ల సంవత్సరాల క్రితం ఆ లేవడం ఊపందుకున్నది. లేచిన కొద్దీ నదులు కోశాయి. సుమారు 3.4 కోట్ల ఏళ్ళ క్రితం ఖండాన్ని మంచు కప్పసాగిన తరువాత హిమానీనదాలు మరింత లోతైన లోయలను తొలిచాయి.

1912 ఫిబ్రవరిలో ధ్రువం నుండి తిరిగి వస్తూ బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్, ఆయన సహచరులు ఈ కొండలలో బొగ్గు పొరలను చూశారు. ఆకుల గుర్తులున్న రాళ్ళను ఏరుకున్నారు. ఆ బృందంలో ఎవరూ ప్రాణాలతో తిరిగి రాలేదు. వారి వెంట సుమారు 16 కిలోల రాళ్ళు దొరికాయి. ఆ గ్లోసోప్టెరిస్ ఆకుల గుర్తులే మన గోదావరి లోయ బొగ్గు పొరలలోనూ కనిపిస్తాయి. ఈ రెండు నేలలూ ఒకప్పుడు గోండ్వానా అనే ఒకే మహాఖండంలో భాగాలు. సింగరేణి గనిలోకి దిగే మన సోదరుడు తవ్వేదీ, ఆ మంచు కొండలలో ఉన్నదీ ఒకే యుగపు అడవి.

ఇక మేము ముఖ్యంగా చెప్పదలచిన విషయం. భూమి పైపొర, దాని అడుగున ఉన్న మరింత బరువైన పొరపై పడవలా తేలుతూ ఉంటుంది. పడవలోని సరుకు దింపితే పడవ పైకి లేస్తుంది. అదే విధంగా ఒక విశాల ప్రాంతం నుండి 1,000 మీటర్ల మందం రాయి కొట్టుకుపోతే, కాలక్రమంలో అక్కడి నేల దాదాపు 800 మీటర్లు పైకి వస్తుంది. లోయలు కోసుకుపోయిన చోట, కోతకు గురికాని శిఖరాలు మునుపటి కంటే ఎత్తుకు చేరుతాయి. ట్రాన్స్‌అంటార్కిటిక్ శిఖరాల ఎత్తులో కొంత భాగం ఇలా వచ్చినదే. పోగొట్టుకున్నదే వాటిని లేపింది.

సోదరులారా! దానం వల్ల సంపద తరగదని, అల్లాహ్ కోసం అణకువ చూపినవాణ్ణి ఆయన ఉన్నతుణ్ణి చేస్తాడని దైవప్రవక్త (సఅసం) బోధించారు. ఇది మనందరికీ తెలుసు. అయినా ఒక గజం స్థలం కోసం, ఒక ప్రహరీ గోడ కోసం ఏళ్ళ తరబడి సలామ్ మానుకున్న అన్నదమ్ములు మన మొహల్లాలలో ఉన్నారు. ఒకే సఫ్‌లో భుజం కలిపి నమాజు చేస్తారు. మసీదు మెట్ల దగ్గర ముఖం తిప్పుకుంటారు. కన్నతండ్రి జనాజాను చెరొక వైపు మోసి, ఒక్క మాట కలపకుండా వెళ్ళిపోయిన ఇద్దరు కొడుకులను మేము కళ్ళారా చూశాము. ఖండాలే విడిపోయి వేల కిలోమీటర్లు జరిగిపోయిన భూమి మీద, ఆ గజం నేల ఎవరిది?

పర్వతం తనంతట తాను ఏదీ వదులుకోదు. దాని నుండి మంచు, నీరు తీసుకుపోతాయి. మనిషికి మాత్రం స్వయంగా వదులుకునే స్వేచ్ఛ ప్రసాదించబడింది. ఆ స్వేచ్ఛకు గడువు చాలా తక్కువ. కొండకు కోట్ల ఏళ్ళు ఉన్నాయి. మనకు వచ్చే జుమా కూడా ఖాయం కాదు. కాబట్టి మనసులో బరువు మోస్తున్నవారు ఈ రోజు ఇంటికి వెళ్ళేలోపే ముందుగా సలామ్ చెప్పండి. తగ్గినందుకు చిన్నవారము అవుతామని భయపడకండి.

మన హృదయాల నుండి అహంకారపు బరువును దింపి, తెగిన బంధుత్వాలను కలిపే శక్తిని అల్లాహ్ మనందరికీ అనుగ్రహించుగాక! ఆమీన్.