రాజధర్మము – వినబడు సత్యము

(కొండపల్లిలో చేసిన ప్రవచన పాఠము)



ప్రజలను శత్రువుల నుండి రక్షించుట, పన్నును మితముగా గ్రహించుట, పక్షపాతము లేక న్యాయము తీర్చుట మున్నగు రాజధర్మములు మీరెరిగినవే. వీనితో సమానమైన ధర్మము మరియొకటి కలదు. ప్రజలకు తెలియవలసిన దానిని దాచక, తగిన సమయమున, వారికర్థమగు మాటలలో చెప్పుటయే అది. నేడు దానిని విచారింతము.

మహాభారతమున ధర్మరాజు జీవితములోనే ఇందుకు రెండు నిదర్శనములు కలవు. మొదటిదానిలో ఆయన వినువాడు, రెండవదానిలో చెప్పువాడు.

పాండవులు వారణావతమునకు బయలుదేరునపుడు, అక్కడి లక్క ఇంటి రహస్యము విదురుడు గ్రహించెను. ఆయన హస్తినాపురమున మంత్రి. నిజము పలికినచో తనకే ముప్పు. అయినను ఊరకుండలేదు. ధర్మరాజునకర్థమగు భాషలో, అగ్ని వలన ఆపద రానున్నదని సూచించెను. చెప్పితినికదాయని అంతటితో విడువక, సొరంగము త్రవ్వగల ఖనకుని కూడ పంపెను. కుంతీదేవితో సహా ఆరు ప్రాణములు నిలిచినవి.

ఇక ద్రోణపర్వము. అశ్వత్థామ మరణించెనని భీముడు చెప్పగా ద్రోణుడు నమ్మలేదు. ముల్లోకములకై యైనను ధర్మరాజు అసత్యమాడడను నమ్మకముతో ఆయననే అడిగెను. ధర్మరాజు చనిపోయిన మాట వినబడునట్లు చెప్పి, చనిపోయినది ఏనుగన్న మాటను వినబడనట్లు పలికెను. అంతవరకు నేలకు నాలుగంగుళముల పైన నడచిన ఆయన రథము నేలను తాకెను. ఆ కపటమునకే తుదకు ఆయన ముహూర్తకాలము నరకదర్శనము చేయవలసి వచ్చెను.

గమనింపుడు. ధర్మరాజు ఏనుగు మాటను పలుకకపోలేదు. పలికెను. కాని వినవలసినవానికి వినబడలేదు. పాఠశాలలో మా గురువులు ఇంద్రశత్రు వృత్తాంతము చెప్పి, అక్షరము తప్పకున్నను స్వరము తప్పినచో ఫలము తలక్రిందులగునని హెచ్చరించెడివారు. పాలకుని మాటకును అదియే నియమము.

ఇది మనకు దూరపు కథ కాదు. మన ప్రక్కనే బుడమేరు పారుచున్నది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన కుండపోత వర్షమునకు అది పొంగి, కట్టకు మూడు గండ్లు పడినవి. విజయవాడలో సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట మొదలగు చోట్ల ఇండ్లు నీట మునిగినవి. వృద్ధులు, పసిబిడ్డలు దినముల తరబడి మేడల మీద పాలకు, మంచినీటికి ఎదురుచూచిరి. సైన్యము కూడ తోడ్పడగా సెప్టెంబరు 7 నాటికి గండ్లు పూడినవి. నీరు వచ్చునని తమకెవరును చెప్పలేదని అక్కడివారనేకులు వాపోయిరి. రాజకీయ పక్షములు ఒకరినొకరు నిందించుకొనినవి. ఆ వాదున తీర్పు చెప్పుట నా పని కాదు. ఒక్క మాట మాత్రము చెప్పుదును. ఏ ప్రభుత్వములోనైనను, ఒక కార్యాలయము నుండి మరియొక కార్యాలయమునకు పోయిన హెచ్చరిక, నిద్రించుచున్న తల్లి చెవికి చేరకున్నచో, అది ధర్మరాజు పలికిన ఏనుగు మాట వంటిదే.

నిజము చెప్పినచో ప్రజలు బెదరుదురని కొందరు నాయకులందురు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో ప్రభుత్వపు లెక్క ప్రకారమే సుమారు 10,000 మంది మరణించిరి. తుపాను వార్త కలదు. కాని సముద్రమే ఊరిమీద పడునని తీరవాసులనేకులకు తెలియలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకుటకు ముందే ప్రమాదమును చాటి, లక్షలాది జనులను తరలించిరి. ఆస్తినష్టము అపారమైనను, మన రాష్ట్రమున ప్రాణనష్టము వందలోపే నిలిచినది. ప్రజలు నిజము విని చెడలేదు, విని బ్రదికిరి. నిజము చెప్పనిచోట వదంతి పుట్టును. అసలు భయము దానివలననే.

కావున నాయకుడు మూడు నియమములు పాటింపవలెను. ఆపదకు ముందు తెలిసినంత చెప్పవలెను. తెలియనిదానిని తెలియదని ఒప్పుకొనవలెను, అదియు సత్యమే. ఆపద తీరిన పిమ్మట నష్టమును, తన లోపమును దాచరాదు. మన కొండపల్లి పొణికి బొమ్మకు రంగు పూసినకొలది అందము. పాలకుని మాటకు రంగు పూసినకొలది చేటు.

మనకును ధర్మము కలదు. 2005 నాటి సమాచార హక్కు చట్టము ప్రకారము ప్రభుత్వ కార్యాలయములు అనేక విషయములను అడుగకమునుపే ప్రకటింపవలెను. అడిగినచో సామాన్యముగా 30 దినములలో, ప్రాణమునకో స్వేచ్ఛకో సంబంధించినదైనచో 48 గంటలలో బదులీయవలెను. మన కట్ట ఎట్లున్నది, గేట్లు ఎత్తునపుడు మనకెవరు చెప్పుదురు అని వానకాలమునకు ముందే వినయముగా అడుగుడు. విన్నదానిని విచారింపక ఇతరులకు చెప్పకుడు.

అడుగు ప్రజలును, దాచని పాలకులును ఉన్న నేలపై ధర్మము నిలుచును. విదురుని ధైర్యమును మన నాయకులకు, వివేకమును మనకు భగవంతుడు ప్రసాదించు గాక!

స్వస్తి.