లాభమొచ్చే టేబుల్ ఏది? (ఎపిసోడ్ పూర్తి పాఠం)

షార్జా నుంచి మాట్లాడుతున్నా. ఈ వారం మూడు క్యాంపుల నుంచి ఒకటే వాయిస్ మెసేజ్: "అన్నా, ఆన్‌లైన్ పోకర్‌ల లాభమొచ్చే టేబుల్ ఎట్ల పట్టాలె?" తిట్టడానికి కాదు ఈ ఎపిసోడ్. నేను కంపెనీలో జీతాల లెక్కలు చూసేవాణ్ని, లెక్క ప్రకారమే చెప్తా.

టేబుల్ ఎంచుకోవడం అనేది నిజంగా ఉంది. పోకర్‌లో మీరు ఆడేది సైటుతో కాదు, ఎదుటి మనుషులతో. అందుకే ఆరితేరినవాళ్ళు ముక్కలకన్నా ముందు మనుషుల్ని చూస్తారు. మొదటి మూడు ముక్కలు తెరిచేసరికి ఎంతమంది ఆటలో మిగిలారు, మధ్యలో పోగయ్యే డబ్బు, అంటే పాట్, సగటున ఎంత అని చూస్తారు. రెండూ ఎక్కువగా ఉంటే, ఏ ముక్క వచ్చినా వదలకుండా ఆడేవాడు అక్కడ ఉన్నాడని లెక్క. వాడికి ఎడమపక్క సీటు పడతారు. వాడు ఏం చేశాడో చూశాకే తమ వంతు వస్తుంది కదా.

ఇప్పుడు అసలు లెక్క. ప్రతి పాట్ నుంచి సైటు కొంత కమీషన్ కోస్తుంది. దాన్ని రేక్ అంటారు. ఉదాహరణకు ఆరుగురు తలా 10 డాలర్లు పెట్టి కూర్చున్నారు, మొత్తం 60. గంటకు 75 ఆటలు, ఆటకు సగటున 4 సెంట్లు కోత అనుకుందాం. గంటకు 3 డాలర్లు పోయినట్టు. అదే లెక్కన సాగితే 20 గంటల్లో 60 డాలర్లూ సైటువే! ఆరుగురిలో ఎవడు గెలిచినా, టేబుల్ మొత్తం మీద నష్టమే. అంటే లాభమొచ్చే టేబుల్ అంటే ఏంటి? ఎవడో ఒకడు జేబులోంచి మళ్ళీ మళ్ళీ డబ్బు వేస్తూ ఉండే టేబుల్.

ఆ ఒకడు ఎవరో ఆలోచించండి. పన్నెండు గంటల డ్యూటీ చేసి, రాత్రి పదకొండుకు బంక్ మీద పడుకుని, నిద్ర కళ్ళతో ఫోన్‌లో ఆడేది మనం. అటుపక్క ఒకడు నాలుగు టేబుళ్ళు తెరిచి, వేల ఆటల రికార్డు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. లాభమొచ్చే టేబుల్ వాడూ వెతుకుతున్నాడు తమ్ముడూ. వాడికి దొరికింది నువ్వే.

ఇక చట్టం. సౌదీ, కువైట్, ఖతార్‌లలో జూదం నేరం. యూఏఈలో 2023లో జూదానికి నియంత్రణ సంస్థ పెట్టారు, దాని లైసెన్స్ లేని ఆట నేరమే. వీపీఎన్ పెట్టుకుని నేరం చేస్తే జరిమానా 5 లక్షల దిర్హాంల నుంచి 20 లక్షల దాకా! కేసయితే పోయేది ఆడిన డబ్బు ఒక్కటే కాదు, ఉద్యోగం, వీసా కూడా. ఊళ్ళో తమ్ముడి అకౌంట్ నుంచి వేయిద్దామా అంటే, తెలంగాణలో 2017లో, ఆంధ్రలో 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. సైటు డబ్బు ఇవ్వకుండా ఆపేస్తే ఏ ఆఫీసుకు పోయి అడుగుతావు?

ఇప్పటికే ఆడుతున్నవాళ్ళకు నాలుగు మాటలు. లోపల ఉన్నది ఎంతుంటే అంత బయటికి తీసి యాప్ తీసేయండి. పోయినదాన్ని రాబట్టాలని రూమ్మేట్ దగ్గర అప్పు చేయొద్దు. జీతం పడిన రోజే ఎక్స్ఛేంజ్‌కు పోయి ఇంటికి పంపండి, ఆ తర్వాతే మిగతా ఖర్చులు. చేయి ఆగకపోతే రూములో నమ్మకమైన ఒక్కరికి చెప్పండి. దాచిపెడితేనే అప్పు పెరుగుతుంది.

వచ్చే శుక్రవారం గ్రాట్యుటీ లెక్క గురించి మాట్లాడుకుందాం. ఆ డబ్బు మాత్రం ఏ టేబుల్ మీదా పెట్టక్కర్లేకుండా మీకు రావాల్సిందే. ఉంటా మరి, జాగ్రత్త.