కారును బట్టి కాలం

ఈ పూట 1967లో వచ్చిన బ్రిటిష్ రొమాంటిక్ కామెడీ ‘టూ ఫర్ ది రోడ్’ గురించి మాట్లాడుకుందాం. దర్శకుడు స్టాన్లీ డోనెన్. ‘సింగిన్ ఇన్ ది రెయిన్’ తీసిన ఇద్దరిలో ఒకరు. రచన ఫ్రెడెరిక్ రఫేల్‌ది. నాయికా నాయకులు ఆడ్రీ హెప్‌బర్న్, ఆల్బర్ట్ ఫిన్నీ.

కథ రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. జొవానా, మార్క్ అనే జంట పదేళ్ల పైచిలుకు కాలంలో ఫ్రాన్స్ మీదుగా దక్షిణానికి పలుమార్లు వెళతారు. చేతిలో డబ్బుల్లేనప్పుడు దారినపోయే బళ్లను లిఫ్ట్ అడుగుతూ, పెళ్లయిన కొత్తలో ఒక అమెరికన్ కుటుంబంతో ఇరుక్కుని, తర్వాత డొక్కు ఎంజీ కారులో, చివరికి తెల్లటి మెర్సిడెస్‌లో మూతులు బిగించుకుని.

ఈ ప్రయాణాలు వరసగా రావు. మన పాత సినిమాల్లో గతం చెప్పాలంటే తెర మీద రింగులు తిరిగేవి. ఇక్కడ అలాంటిదేమీ లేదు. లిఫ్ట్ దొరకని కుర్ర మార్క్, రేపు నాకు కారుంటే ఎవర్నీ ఇలా వదిలేసి పోనని శపథం చేస్తాడు. వెంటనే కట్. రోడ్డు పక్కన చెయ్యెత్తిన వాళ్లను దాటి అతని కారే దూసుకుపోతుంది. మాట పూర్తవకముందే ఏళ్లు గడిచిపోయాయి! మనం నవ్వుతాం, ఆ నవ్వు కాస్త చేదుగా ఉంటుంది. ఎడిటింగ్ అంటే అతుకులు వెయ్యడమే కాదు, వ్యాఖ్యానం చెయ్యడం కూడా అని ఈ ఒక్క కట్ చాలు చూపడానికి.

మరి ఒక్కో సన్నివేశం ఏ కాలానిదో తెలిసేదెలా? కారు చూడండి, ఆడ్రీ జుట్టు చూడండి, బట్టలు చూడండి. మొదట్లో మామూలు స్వెట్టరు వేసుకున్న పిల్ల, చివరి భాగంలో డిజైనర్ పాకో రబాన్ తళుకుల గౌనులో కనిపిస్తుంది. డబ్బు పెరిగిందని ఎవరూ నోటితో చెప్పనక్కర్లేదు.

హోటల్లో మాటా పలుకూ లేకుండా భోంచేస్తున్న వాళ్లను చూసి, వీళ్లు మొగుడూ పెళ్లాలే అయ్యుంటారని ఈ ప్రేమికులు నవ్వుకుంటారు. ఆ ఎగతాళి వీళ్లకే ఎలా తగులుతుందో నేను చెప్పను.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఆ అమెరికన్ కుటుంబాన్ని మరీ కార్టూన్ చేశారు, ఆ ఘట్టం సాగదీసినట్టు ఉంటుంది. హెన్రీ మాన్సినీ సంగీతం మాత్రం ఎక్కడా పట్టు సడలనివ్వదు.

మొదటి పావుగంట తికమకగా ఉంటే ఆపేయకండి. రెండోసారి చూసేటప్పుడు కథను వదిలేసి, ఒక్కో కట్ ఎక్కడ పడిందో గమనించండి.