భీమునిపట్నము
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



సముద్ర మెరుగని సీమ మనది. విశాఖపట్నమునకు ఈశాన్యమున, గోస్తనీ నది కడలిని కలియు చోట భీమునిపట్నమున్నది. విశాలమైన ఇసుకతీరము, కొండమీది నరసింహాలయము, పావురాలకొండ బౌద్ధ శిథిలములు, దీపస్తంభము చూపరుల నాకర్షించును.

17వ శతాబ్దమున ఒలందులనబడు డచ్చి వర్తకులచట స్థావర మేర్పరచుకొనిరి. 1825లో అది ఆంగ్లేయుల వశమైనది. 1861లోనే పురపాలక సంఘ మేర్పడెను. 1933లో విశాఖ రేవు తెరవబడిన పిమ్మట ఇచటి ఓడల వర్తకము క్షీణించెను. డచ్చివారి సమాధులు మిగిలినవి. వానిపై చెక్కిన అక్షరములను ఉప్పుగాలి తినివేయుచున్నది.

మన కె.సి. కాలువను సైతము సాగునీటికే గాక పడవల రాకపోకలకును త్రవ్విరి. ఆ సంగతి మన పిల్లలలో నెందరికి తెలియును? రాతికే నిలుకడ లేనప్పుడు నోటిమాట యెంతకాలము నిలుచును? కావున పెద్దలు చెప్పు సంగతులను వ్రాయించి ఈ గ్రంథాలయమున భద్రపరచుడని నా ప్రార్థన.