ప్రజల రంగస్థలమున జెరార్ ఫిలిప్
(ప్రసంగ పాఠము)



నటునకు లభించిన కీర్తి ఎవరి సొత్తు? శ్రమించి సంపాదించినాడు గనుక అది నటునిదే అని కొందరందురు. చప్పట్లు కొట్టి ఇచ్చినవారు ప్రేక్షకులు గనుక అది ప్రేక్షకులదని మరికొందరందురు. ఈ ప్రశ్నకు మాటలతో గాక నడవడితో సమాధానము చెప్పిన నటుడొకడు ఫ్రాన్సు దేశమున ఉండెను. ఆతని పేరు జెరార్ ఫిలిప్. ఆతడు జీవించినది ముప్పదియాఱేండ్లు. అందులో నటజీవితము పదునేడేండ్లకు మించలేదు. ఆ స్వల్పకాలములోనే రంగస్థలమునను, వెండితెరపైనను ఫ్రెంచి ప్రజలకు అత్యంత ప్రీతిపాత్రుడయ్యెను.

ఫిలిప్ 1922 డిసెంబరు 4వ తేదీన, మధ్యధరా సముద్రతీరమందలి కాన్ పట్టణమున జన్మించెను. తండ్రి హోటలు నిర్వహణలో సంపన్నుడైనవాడు. కుమారుడు న్యాయశాస్త్రము చదువవలెనని ఆయన కోరిక. 1940లో జర్మను సేనలు ఫ్రాన్సును ఆక్రమింపగా, పారిస్ నగరమునుండి పెక్కుమంది నటులును, దర్శకులును దక్షిణ తీరమునకు తరలివచ్చిరి. వారి సాంగత్యము ఈ యువకుని మనస్సును న్యాయశాస్త్రమునుండి నాటకమువైపు మరల్చెను. చలనచిత్ర దర్శకుడు మార్క్ అల్లెగ్రే ప్రోత్సాహమిచ్చెను. 1942లో నీస్ నగరమున ఫిలిప్ తొలిసారి రంగమెక్కెను. మరుసటి సంవత్సరము పారిస్‌లో జిరోదూ మహాశయుని నాటకమొకదానిలో దేవదూత పాత్ర ధరించి రసికుల దృష్టినాకర్షించెను.

యుద్ధము ఆతని ఇంటిని రెండుగా చీల్చెను. 1944 ఆగస్టులో పారిస్ ప్రజలు ఆక్రమణదారులపై తిరుగబడినప్పుడు, నగరసభా భవనమును స్వాధీనము చేసికొనినవారిలో ఫిలిప్ కూడ ఉండెను. తండ్రియో, శత్రుపక్షముతో సహకరించినవాడు. దేశము విముక్తమైన పిమ్మట ఆయన స్పెయిన్ దేశమునకు పారిపోయెను. 1945లో ఫ్రెంచి న్యాయస్థానము ఆయన పరోక్షముననే మరణశిక్ష విధించెను. కుమారుడు తండ్రి రాజకీయములను ఆమోదింపలేదు. అట్లని తండ్రిని త్యజింపనూ లేదు. ప్రవాసమున నున్న ఆయనకు అండగా నిలిచెను. ఆ సంవత్సరమే ఆల్బేర్ కామూ రచించిన ‘కాలిగులా’ నాటకమున ఉన్మత్తుడైన రోము చక్రవర్తి పాత్రను ధరించి, ఇరువది రెండేండ్ల వయసుననే అగ్రశ్రేణి నటులలో స్థానము సంపాదించెను.

1947లో విడుదలయైన ‘ల ద్యాబ్ల్ ఓ కోర్’ అను చిత్రముతో ఆతని పేరు ఫ్రాన్సు ఎల్లలు దాటెను. నిర్మాతలు వెంటబడిరి. తెరపైననే ఉండిపోయిన యెడల ధనమునకు కొదువ ఉండెడిది కాదు. అట్టి సమయమున, 1950లో, ఆతడు తనంతట తాను జాఁ విలార్ అను రంగస్థల దర్శకుని వద్దకు వెళ్ళి, ఆయనతో కలిసి పనిచేయగోరుచున్నానని తెలిపెను.

ఈ విలార్ ఎవరు? 1947లో దక్షిణ ఫ్రాన్సులోని అవిన్యోఁ పట్టణమున, పూర్వము పోపులు నివసించిన ప్రాసాదపు విశాల ప్రాంగణమున, ఆరుబయట నాటకోత్సవము ప్రారంభించినవాడు. నీరు, గ్యాసు, విద్యుచ్ఛక్తి ఎట్లు ప్రతి గృహమునకును అందవలెనో, నాటకము కూడ అట్లే ప్రతి పౌరునకును అందవలసిన ప్రజాసేవయని ఆయన సిద్ధాంతము. 1951లో ప్రభుత్వము ఆయనను జాతీయ ప్రజా రంగస్థలమునకు అధిపతిగా నియమించెను. ఆ నియామకమునకు ప్రధాన కారకురాలు జాన్ లోరాఁ అను మహిళ. ఆమె నటీమణి కాదు, రచయిత్రిగా పేరొందినదీ కాదు. విద్యా మంత్రిత్వశాఖలో నాటక, సంగీత వ్యవహారములు చూచుచుండిన అధికారిణి. పారిస్ నగరమునకే పరిమితమైన నాటకకళను దేశమంతటికిని విస్తరింపజేయుటకు ఆమె పట్టుదలతో కృషిచేసెను. మరుసటి సంవత్సరమే ఆమెను ఆ స్థానమునుండి తప్పించిరి. అయినను ఆమె నాటిన మొక్క వాడిపోలేదు. కార్యాలయమున దస్త్రములమధ్య కూర్చుండి చేసిన పని కూడ ఒక దేశపు కళాచరిత్రను మార్చగలదనుటకు ఇది నిదర్శనము.

1951 జులైలో అవిన్యోఁ ప్రాంగణమున ఫిలిప్ ‘ల సిద్’ నాటకమున కథానాయకుడైన రోద్రీగ్ పాత్ర ధరించెను. కోర్నెయ్ మహాకవి ఈ నాటకము 1637లో ప్రదర్శితమయ్యెను. తన తండ్రికి జరిగిన అవమానమునకు ప్రతీకారము చేయవలసిన వీరుడు, తాను ప్రేమించిన యువతి తండ్రినే సంహరింపవలసివచ్చుట ఇందలి ఇతివృత్తము. ఇది పద్యనాటకము. అయితే ఫ్రెంచి పద్యము మన పౌరాణిక నాటకములందువలె రాగయుక్తముగ ఆలపింపబడునది కాదు; పలుకబడునట్టిది. పలుకుటలో ఆడంబరము, దీర్ఘములు తీయుట వాడుకయై, పాఠశాలలో బలవంతముగ వల్లించిన పాఠమువలె ఆ నాటకము జనులకు దూరమై యుండెను. ఫిలిప్ నోట ఆ పద్యములు ప్రేమించుచు, బాధపడుచు, తడబడుచున్న యువకుని మాటలుగ వినిపించెను. మూడువందల యేండ్ల నాటి కావ్యము నాటి యువతకు తమ కథగా తోచెను.

ఆ శరదృతువున పారిస్‌లోని షాయో ప్రాసాద నాటకశాల ఐక్యరాజ్యసమితి సమావేశములకు ఈయబడుటచే, విలార్ సమాజము తన కార్యక్రమమును కార్మికులు నివసించు సురేన్ అను శివారు పట్టణమున ప్రారంభించెను. అచ్చట ‘ల సిద్’తోపాటు బ్రెహ్ట్ రచించిన ‘మదర్ కరేజ్’ నాటకము ప్రదర్శింపబడెను. మొదటిదానిలో నాయకుడైన ఫిలిప్, రెండవదానిలో ఆ తల్లి కుమారులలో ఒకడుగ చిన్న పాత్ర ధరించెను.

ఈ సమాజపు నియమములు గమనింపదగినవి. ప్రకటన పత్రములయందు నటుల పేర్లు అక్షరక్రమముననే ముద్రింపబడుచుండెను. ఎంతటి ప్రసిద్ధుడైనను పేరు ముందుకు రాదు, అక్షరములు పెద్దవి కావు. చిత్రసీమయందు కోరినంత పారితోషికము పొందగల ఫిలిప్, ఇచ్చట సహనటులతో సమానముగ స్వల్ప వేతనమునకే పనిచేసెను. టిక్కెట్టు ధర తక్కువ. స్థలము చూపువారికి బక్షీసు ఈయనక్కరలేదు. పనివారు ఆఖరి రైలు అందుకొని ఇల్లు చేరుటకు వీలుగ నాటకము పెందలకడనే ప్రారంభమగుచుండెను. షాయో నాటకశాలలో 2,500కు మించిన ఆసనములుండెను. వానిని నింపుటకు సమాజమువారు కర్మాగారముల సమితులను, ఉద్యోగుల సంఘములను, విద్యార్థి సంఘములను ఆశ్రయించిరి. జీవితమున నాటకశాల గడప తొక్కని గుమాస్తాలును, కార్మికులును కుటుంబ సమేతముగ వచ్చిరి. వారిలో పెక్కుమందిని మొదట రప్పించినది ఫిలిప్ పేరే. అయితే ఆతని కొఱకు వచ్చినవారు కోర్నెయ్‌ని, షేక్స్‌పియర్‌ని, ముస్సేని విని వెళ్ళిరి. కీర్తిని ఆతడు వినియోగించిన విధమిది.

చలనచిత్రములనాతడు విడువలేదు. 1952లో క్రిస్తియాఁ-జాక్ దర్శకత్వమున వచ్చిన ‘ఫాఁఫాఁ లా తులీప్’ చిత్రమున చలాకీ సైనికుడుగ కత్తి త్రిప్పి, ఇండ్ల కప్పులపై పరుగెత్తి, ఆబాలగోపాలమును అలరించెను. ఆ చిత్రమునకు కాన్ ఉత్సవమున ఉత్తమ దర్శకత్వ బహుమానము లభించెను. 1954లో స్తాందాల్ నవలానాయకుడు జ్యూలియాఁ సొరెల్‌గను, 1958లో చిత్రకారుడు మొదిల్యానీగను నటించెను. పరాజయము కూడ ఎరుగనివాడు కాదు. 1956లో జోరిస్ ఈవెన్స్ అను దర్శకునితో కలిసి తానే దర్శకత్వము వహించిన ‘తిల్ లెస్పియెగ్ల్’ చిత్రము విమర్శకుల మెప్పును పొందలేదు. ఆ పిమ్మట ఆతడు మరల చిత్ర దర్శకత్వమునకు పూనుకొనలేదు.

తోటి నటుల కష్టసుఖములను ఆతడు తనవిగ భావించెను. పేరుగల కొద్దిమంది వెనుక, పనిలేక, స్థిరమైన ఆదాయము లేక, వార్ధక్యమున దిక్కులేక యుండు వందలాది నటీనటులుందురు. 1957లో ‘నటులు కుక్కలు కారు’ అను శీర్షికతో ఒక వ్యాసము ప్రకటించి, వారి దుస్థితిని లోకమునకు తెలియజేసెను. చీలిపోయిన నటుల సంఘములు 1958లో ఏకమై ఫ్రెంచి నటుల సంఘమేర్పడగా, దానికి ప్రథమాధ్యక్షుడు ఆతడే. చిత్రీకరణకును, రాత్రి నాటకమునకును నడుమ దొరకిన సమయమును సంఘ సమావేశములకు వెచ్చించెను. తనకొక్కనికి ఆ సంఘముతో అవసరమేమియు లేదు. అవసరము లేనివాడు ముందు నిలచుటచేతనే అవసరము గలవారి మాటకు బలము చేకూరెను.

1959లో లూయీ బున్యుయెల్ దర్శకత్వమున మెక్సికోలో చిత్రమొకటి ముగించి వచ్చిన కొలదికాలమునకు ఆతడు అస్వస్థుడయ్యెను. నవంబరులో శస్త్రచికిత్స చేయగా, అది నయముకాని కాలేయపు క్యాన్సరని తేలెను. వైద్యులు ఆ సంగతి భార్య ఆన్‌కు మాత్రమే తెలిపిరి. ఆమె భర్తకు తెలియనీయక, నవ్వుముఖముతోనే పరిచర్య చేసెను. ఆతడు పడకపై గ్రీకు విషాదనాటకములు చదువుచు, రాబోవు పాత్రలను గూర్చి ఆలోచించుచుండెను. నవంబరు 25వ తేదీన, ముప్పదియేడవ జన్మదినమునకు తొమ్మిది దినములు ముందుగ, కన్నుమూసెను. దక్షిణమున రామతుయెల్ అను గ్రామమున ఆతనిని సమాధి చేసిరి. రాజమర్యాదలు, బిరుదములు కావు. రోద్రీగ్ పాత్రకు ధరించిన దుస్తులే ఆతని తుది వస్త్రములు. ఆ దినములను గూర్చి ఆన్ ఫిలిప్ వ్రాసిన చిన్న పుస్తకము 1963లో వెలువడి, అనేక దేశముల పాఠకులను కదలించెను.

అవిన్యోఁ ఉత్సవము నేటికిని ప్రతి వేసవియందును జరుగుచున్నది. విలార్, ఫిలిప్‌ల నాటకశాలను నింపినవారు ధనవంతులు కారు. పగలంతయు కార్యాలయములలోను, కర్మాగారములలోను పనిచేసి, సంఘము ద్వారా టిక్కెట్టు కొని, భార్యాబిడ్డలతో వచ్చిన సామాన్యోద్యోగులు. ఉద్యోగుల సాంస్కృతిక సంఘమొకటి నాటకము వేసినప్పుడు ముందు వరుస కుర్చీలు ఎవరికన్న చింత కలుగుట సహజము. అట్టి వేళ, పేరును అక్షరక్రమమున వ్రాయుటకు అంగీకరించిన ఈ మహానటుని ఒక్కసారి స్మరించుకొందురుగాక.

స్వస్తి.