పువ్వు వేసిన కళ్లు – కార్నియా మార్పిడి
(అరకులోయలో జరిగిన మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అవయవ మార్పిడి గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. ఆ మాట వినగానే అందరికీ గుండె గుర్తొస్తుంది. 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో దేశంలో మొదటి గుండె మార్పిడి చేసిన డాక్టర్ పి.వేణుగోపాల్‌గారు మన రాజమండ్రిలో పుట్టినవారే. అయితే గుండె ఇవ్వాలంటే దాత వెంటిలేటర్‌పై ఉండగానే బ్రెయిన్ డెత్ నిర్ధారించాలి. తీసిన గుండెను సుమారు నాలుగు గంటల్లో అమర్చాలి. మన ఘాట్‌రోడ్డు మలుపులు ఎరిగినవారికి ఆ లెక్క విడమరచి చెప్పనక్కరలేదు. అందుకని కొండకు అందే మార్పిడి గురించే చెబుతాను. అది కంటి నల్లగుడ్డును కప్పి ఉండే పారదర్శకమైన పొర, కార్నియా. చట్టం దాన్ని అవయవం అనదు, కణజాలం అంటుంది. చూపు లేనివాడికి ఆ తేడాతో పనిలేదు.

నేను ఆప్తాల్మిక్ అసిస్టెంటుగా అరకు, అనంతగిరి, డుంబ్రిగుడ మండలాల్లో పనిచేశాను. సంతల్లో టార్చిలైటు వేసి చూస్తే శుక్లాలు సరేసరి, వాటితోపాటు పువ్వు వేసిన కళ్లు కూడా కనబడేవి. కట్టెలు కొడుతుంటే పేడు ఎగిరి తగిలినవి, నూర్పిళ్లలో పొట్టు పడినవి, ఆపైన ఆకుపసరు పోస్తే చీము పట్టినవి. పిల్లల్లోనైతే తట్టు పోసి, ఎ-విటమిను చాలక పాడైనవి. "బాబూ, ఆపరేషను చేస్తే కనబడుతుందా?" అని అడిగేవారు. శుక్లమైతే ధైర్యం చెప్పి విశాఖలోని ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రికి చీటీ రాసేవాడిని. పువ్వు అయితే, ఎవరో పోయి, వారి ఇంటివారు కన్ను ఇస్తే తప్ప కుదరదని చెప్పాలి. ఎన్నేళ్లయినా ఆ మాట చెప్పడం నాకు అలవాటు కాలేదు.

ఈ శస్త్రచికిత్స కొత్తదేమీ కాదు. 1905 డిసెంబరులో, ఇప్పటి చెక్ దేశంలోని ఒలోమౌట్స్ ఊళ్లో డాక్టర్ ఎడ్వర్డ్ జిర్మ్ దీన్ని మొదటిసారి విజయవంతంగా చేశారు. రోగి జమీందారూ కాదు, దొరా కాదు, సున్నం పడి కళ్లు పోయిన ఒక కూలీ. మన దేశంలో తొలి నేత్రనిధి 1945లో మద్రాసులో వెలిసింది. 1948లో అక్కడే డాక్టర్ ఆర్.ఇ.ఎస్. ముత్తయ్య తొలి కార్నియా మార్పిడి చేశారు. అప్పటికి మన విశాఖ జిల్లా మద్రాసు రాష్ట్రంలోదే.

తెలుగునాట దీనికి ఊపు తెచ్చింది హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, అమెరికాలో కార్నియా వైద్యంలో పేరు తెచ్చుకున్న డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు స్వదేశానికి తిరిగివచ్చి దాన్ని స్థాపించారు. సినీ నిర్మాత ఎల్.వి.ప్రసాద్‌గారు స్థలమూ, ధనమూ ఇచ్చారు. 1989లో అక్కడ రామాయమ్మ నేత్రనిధి మొదలైంది. సున్నం, యాసిడ్ వంటివి పడి కాలిన కళ్లకు కంటి అంచులోని మూలకణాలను పెంచి అమర్చడం 2001లో ఆరంభించారు. 2023 నాటికి ఆ సంస్థలో జరిగిన కార్నియా మార్పిడులు 50,000 దాటాయి. ఇప్పుడు ఒకే కార్నియాను పొరలుగా విడదీసి ఇద్దరికి అమర్చగలుగుతున్నారు కూడా.

మనకు ముఖ్యమైన సంవత్సరం 2006. ఆ ఏడు వారి ఆసుపత్రి విశాఖకు వచ్చింది. హైదరాబాదు పొమ్మంటే తలవంచుకుని వెళ్లిపోయేవాళ్లు విశాఖ అంటే సరేననేవారు. 2008లో అనంతగిరి వైపు కాఫీతోట కూలీ ఒకాయనకు విశాఖలో కన్ను మార్చారు. అసలు కష్టం ఆ తర్వాతే మొదలైంది. ఏడాదికి పైగా చుక్కల మందు వేసుకోవాలి, విడతలవారీగా కుట్లు తీయించుకోవాలి. కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, చూపు మసకేసినా ఆ రోజే బయల్దేరాలి. లేకపోతే శరీరం కొత్త పొరను తోసిపుచ్చుతుంది. వెళ్లినప్పుడల్లా కూలి పోతుంది. అయినా ఆయన చుక్కల సీసా టిఫిను గిన్నెలో పెట్టుకుని కిరండోల్ పాసింజరు ఎక్కేవాడు. పద్నాలుగో నెలలో చివరి కుట్టు తీశారు. ఆ తర్వాత సంతలో నన్ను దూరం నుంచే పోల్చి పిలిచాడు.

ఇక మన సంగతి. "నాకు సుగరు, శుక్లాల ఆపరేషను కూడా అయింది, నా కళ్లెవరికి?" అంటారు మనవాళ్లు. అవేవీ అడ్డు కాదు. వయసూ అడ్డు కాదు. ఎయిడ్స్, రేబిస్, కామెర్ల వైరస్, రక్త క్యాన్సర్ వంటివి ఉంటే మాత్రం తీసుకోరు. పనికొచ్చేదీ లేనిదీ నేత్రనిధివారే పరీక్షించి తేలుస్తారు. ప్రాణం పోయిన ఆరు గంటల్లోగా, ఇంటి దగ్గరే, అరగంటలోపు పని అయిపోతుంది. ముఖం వికారం కాదు.

చిక్కంతా ఇంట్లోనే. మీరు ఎంత చక్కగా సంతకం చేసినా, ఆ వేళ మీ అబ్బాయో అమ్మాయో వద్దంటే ఎవరూ ముట్టుకోరు. మీరు సంతకం చేయకపోయినా వాళ్లు సరేనంటే చాలు. కాబట్టి ఫారం బీరువాలో దాచకండి, ఈ పూట భోజనాల దగ్గరే మాట ఎత్తండి. అరకు నుంచి విశాఖ 115 కిలోమీటర్లు. కొండమీద ఉన్నవాళ్లు మొదటి గంటలోనే ఫోను చేయించాలి. మనలో ఎక్కువమంది విశాఖ, విజయనగరాల్లో స్థిరపడ్డారు కనుక వారికి ఆ హడావుడి తక్కువ. బృందం వచ్చేదాకా రెప్పలు మూసి, పైన తడి దూది పెట్టి, ఫ్యాను ఆపి, తల కింద దిండు పెట్టాలి.

మన కన్ను ఏ ఊరివాడికి వెళ్తుందో చెప్పలేం, అడగడానికీ లేదు. ఫారాలు కోశాధికారిగారి దగ్గర ఉన్నాయి. నేత్రనిధి ఫోను నంబరు వాటి మీదే అచ్చువేశారు. సెలవు.