ఆక్టోపస్ వ్యూ పాయింట్‌లో నీళ్ళు ఎట్లా చూడాలంటే

ఈ ఫోటో మీరు రీల్స్‌లో చూసే ఉంటారు. చుట్టూ అడవి, మధ్యలో కృష్ణా నది కాళ్ళు చాపినట్టు కొండల సందుల్లోకి పాకి ఉంటుంది. అదే ఆక్టోపస్ వ్యూ పాయింట్. ఇది శ్రీశైలంలో ఉందనుకుంటారు చాలామంది. కాదు. నల్లమలే గానీ తెలంగాణ వైపు, దోమలపెంట దగ్గర, అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో ఉంది. కింద కనిపించే నదే సరిహద్దు. మనం నిలబడేది తెలంగాణలో, ఎదురుగా కనిపించే కొండలు ఆంధ్రావి.

రాయచోటి నుంచి మేం కడప, మైదుకూరు, నంద్యాల మీదుగా దోర్నాల పోయి ఘాట్ ఎక్కినాం. గువ్వలచెరువులో పాలకోవా తినకుండా కదల్లేదు, అది వేరే సంగతి. శ్రీశైలం డ్యామ్ కింద లింగాలగట్టు దగ్గర వంతెన దాటితే తెలంగాణ, మళ్ళీ ఘాట్. అడవి రోడ్లు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు, రెండు వైపులా. వ్యూ పాయింట్‌కి ఫారెస్ట్ వాళ్ళ అనుమతి ఉండాల్సిందే. డ్రోన్ ఇంట్లోనే పెట్టి రండి.

సరే, పైకి పోయినాం. అందరూ సెల్ఫీలు దిగుతాండారు. నేను మాత్రం కొండల అంచులు చూస్తా ఉండిపోయినా. మీరూ చూడండి, చెట్లు ఒకచోట గీత గీసినట్టు ఆగిపోతాయి. ఆ కింద ఎర్రమట్టి, రాళ్ళు, ఆ తర్వాతే నీళ్ళు. ఆ చెట్ల గీత సుమారుగా 885 అడుగులు, అంటే శ్రీశైలం నిండు మట్టం. ఆ మట్టి పట్టీ ఎంత వెడల్పుంటే రిజర్వాయర్ అంత తగ్గినట్టు. ఆగస్టు, సెప్టెంబర్లో పోతే పట్టీ కనపడకపోవచ్చు. ఫోటోకి అదే బాగుంటుంది. కానీ మనోళ్ళు ఒకసారి ఎండాకాలంలో కూడా పోవాల.

ఎందుకంటే రాయలసీమకి నీళ్ళిచ్చే పోతిరెడ్డిపాడు ఈ రిజర్వాయర్ మీదే ఉంది. అక్కడ నీళ్ళు సరిగ్గా పారాలంటే మట్టం 854 అడుగుల పైన ఉండాల. 841కి దిగితే చుక్క రాదు. 885కీ 854కీ తేడా 31 అడుగులు, మూడంతస్తుల మేడంత. మన సీమ కాలువల గొడవంతా ఆ మూడంతస్తుల్లోనే ఉంది. ఇంకోటి, కట్టినప్పుడు ఇందులో 308 టీఎంసీలు పట్టేవి. పూడిక పేరుకుపోయి ఇప్పుడు 215 చిల్లరే. పైనుంచి చూస్తే పూడిక కనపడదు, నీలంగా మెరుస్తా ఉంటుందంతే.

ఆ నీలం కింద ఊళ్ళుండాయి. 1981లో డ్యామ్ నింపేటప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద ఊళ్ళు ఖాళీ చేయించినారు. లక్షమంది దాకా ఇల్లూ పొలమూ వదిలి పోయినారు. అక్కడ బోర్డు మీద ఆ ముక్క ఒక్కటి రాసుంటే బాగుండు.

నా పక్కన అచ్చంపేట పిల్లోడు ఒకడు నిలబడినాడు. మాటల్లో రాయచోటి అంటే, "మీకు గూడ ఇందులకెళ్ళే నీళ్ళు పోతయా అన్నా?" అన్నాడు. వాళ్ళ కల్వకుర్తి లిఫ్టుకీ ఇందులోంచే నీళ్ళు తోడతారు. వాళ్ళూ కరువు సీమోళ్ళే, మనలాగే. టీవీలో మనకూ వాళ్ళకూ నీళ్ళ పంచాయితీ. ఇక్కడ ఇద్దరం ఒకే రెయిలింగ్ పట్టుకుని నిలబడినాం. "మా వైపు హంద్రీ-నీవా రావాల తమ్ముడూ, చిన్నప్పట్నుంచి ఆ పేరు వింటానే ఉండాం" అన్నా. "వస్తదిలే అన్నా" అని వాడు నవ్వినాడు. మా మాండవి ఏట్లో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే ఉంటుందని చెప్తే, "ఏరంటే నీళ్ళుండాలె గదన్నా" అన్నాడు. ఏం చెప్పాల?

వచ్చే ఎపిసోడ్ సంగమేశ్వరం. ఇదే నీళ్ళు తగ్గితే ఎండాకాలంలో బయటపడే గుడి. మట్టం దిగినంక పోతాం, తేదీ ముందే చెప్తా.